అప్పన్న మేష్టారు కలిపిన వెలుగు

నిన్నటి వానకి మా లాబు గుమ్మంలో కొబ్బరిపీచు పట్టా తడిసింది. అందరూ ముక్కు మూసుకుంటే నేను వంగి మరీ వాసన చూశాను. నా గురించి వాళ్లకున్న అనుమానాలు బలపడ్డాయి. అది గంజాం సముద్రపొడ్డున తడితాళ్ల వాసన, అప్పన్న మేష్టారి వాసన.

మేష్టారు బరంపురంలో మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు. వాళ్లది గంజాంలో చేపలవేటకెళ్లే కుటుంబం, మాది అంకులిలో పప్పుల హోల్‌సేలు. అందుకే నేనాయనకి 'సావుకారు'ని. దూరదూరంగా ఉన్న టెలిస్కోపుల్ని కలిపి ఒకే పెద్ద కన్నులా చూపించే పరికరానికి ఆఖరి సంవత్సరం నేనొక నమూనా గీశాను. రెండు చిన్న టెలిస్కోపులు, వాటి వెలుగుని మోసుకొచ్చే రెండు గాజు తీగలు. రెండు దారులూ సరిసమానమైతేనే, వెలుగులు కలిసినచోట నల్లచారలు పడతాయి. చారలుంటే నక్షత్రం ఎంత సన్నమో కొలవచ్చు. మా నక్షత్రం వరండా చివర సూదిబెజ్జం వెనక బల్బు. కరెంటు పోతే అస్తమించేది.

ఆ సోమవారం ఒక పెద్ద పరిశోధనాబృందం వాళ్లు దాన్ని చూడటానికి వస్తున్నారు. నచ్చితే నన్ను ఉద్యోగంలోకి తీసుకుంటారు. శనివారానికీ చారల్లేవు. తీగలు వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచానని ప్రమాణం చేశాను.

"ప్రమాణాలు పెళ్లిలో సేద్దువు గాని. రేపు గంజాం రా సావుకారూ," అన్నారు మేష్టారు.

ఒడ్డున రెండు జట్లు రెండు తాళ్లు పట్టి పెద్ద వల లాగుతున్నాయి. వల ఓరగా వచ్చింది. చేపలు పక్కనుంచి మర్యాదగా వెళ్లిపోయాయి. మేష్టారి అన్నయ్య రాములు తాడు వదిలి అందరి ముందుకూ వచ్చాడు.

"తప్పు నాదేరా. కొత్తతాడు నానబెట్టకండా కొలిసి కట్టీసేను. నీల్లలో కురసైపోనాది."

"తాడు కాదు మావా, నీ బుర్ర నానబెట్టాల," అన్నాడొకడు. నవ్వుకుని మళ్లీ పనిలో పడ్డారు.

"ఏటంటే సావుకారూ, తప్పు సేసినోడే ముందు సెప్పాల. అది మా ఒడ్డు కట్టుబాటు. దాసీసేవనుకో, రెండో వలా పోద్ది," అన్నారు మేష్టారు.

నా తీగలు గుర్తొచ్చాయి. రెండూ నీడలోనే కొలిచాను. తరవాత బల్ల ఇరుకని ఒకదాన్ని కిటికీ పక్కనుంచి లాగాను. అక్కడ ఎండ. వేడికి దాని దారి పొడవైపోయింది.

ఆ మధ్యాహ్నమే పరుగున బరంపురం వచ్చి రెండు తీగల్నీ ఒకే వేడి తగిలేలా ఒకే గొట్టంలో దూర్చాం. అద్దాన్ని మరికాసింత జరిపాను. చారలు. పులి ఒంటిమీదలా, వణుకుతూ.

"ఏటి, నోరు పడిపోనాదా?" అన్నారాయన. చారల్ని ఆయనే వంగి ఇంకోసారి లెక్కపెట్టుకున్నారు.

సోమవారం వచ్చినవాళ్లు చారలు చూసి తలలూపారు. ఊరుకుంటే ఉద్యోగం నాదే. మేష్టారు గోడకేసి చూస్తున్నారు. "ముందు నా తప్పు చెబుతానండీ," అని కిటికీ సంగతి మొదలుపెట్టాను. వాళ్లలో పెద్దాయన రాస్తున్న కలం ఆగిపోయింది. ఆయన కాగితం నావైపు జరిపి, "ఆ గొట్టం బొమ్మ గీసి చూపించు," అన్నారు.

ఇప్పుడు ఆ బృందంలోనే అసలు పరికరం గీస్తున్నాను. రోజూ పొద్దున్న సమావేశంలో నా తప్పుతోనే మొదలుపెడతాను. ఇంతవరకూ సరుకుకి కొరత రాలేదు.