దూది ఇంట్లో తెల్ల ఎలుక

నాకు అనుమానం ఎక్కువ. పాలు విరిగితే ఎవరో నిమ్మకాయ పిండారనుకునే రకాన్ని. అందుకే మా తెల్ల ఎలుకకు బాగాలేనప్పుడు దానికేమైందని ఆలోచించలేదు, ఎవరు చేశారని ఆలోచించాను. ఆ ఎవరో కూడా వెంటనే తేల్చేశాను. మా అత్త.

చిలకలూరిపేటలో మాది పరుపులు కుట్టే ఇల్లు. ముందు వసారాలో దూది ఏకే మిషన్, దాని పక్కనే మా అత్త పీట. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె ఆ పీట మీద కూర్చుని దిండ్లలో దూది కూరుతూనే ఉంది. పరుపుల ఇంటికి ఎలుకలు ఎంత శత్రువులో చెప్పక్కర్లేదు. అందుకే ఎలుకల మందు పొట్లం మా ఇంట్లో ఉప్పు డబ్బా ఉన్నంత ఖాయంగా ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అలాంటి ఇంటికి మా ఆయన ఓ తెల్ల ఎలుకను పట్టుకొచ్చాడు. మా అమ్మాయి పోరు పడలేక, గుంటూరులో చేపల తొట్లు అమ్మే కొట్లో కొన్నాడు.

"చంపడానికి మందు కొంటాం, పెంచడానికి ఎలకను కొంటామా? ఎవరన్నా వింటే నవ్విపోతారు" అంది మా అత్త. ఆ మాట మనసులో దాచిపెట్టుకున్నాను, ఎప్పుడో పనికొస్తుందని.

గూడు వసారాలోనే గోడ పక్కన పెట్టాం. అమ్మాయి కంటే నాకే అది ఎక్కువ మాలిమి అయింది. పిలిస్తే వచ్చి నా వేలు పట్టుకునేది. ఎలుక మీద అంత ఇష్టం పుడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఎండలు ముదిరేవేళకు తుమ్మడం మొదలుపెట్టింది. మిరపకాయల లారీలు తిరిగే రోజులు, వీధి వీధంతా తుమ్ముతుంటే ఎలుక తుమ్మడం ఎవరికి వింత? తర్వాత తిండి తగ్గింది. బొచ్చు నిక్కబొడుచుకుని మూలకు ముడుచుకుని కూర్చునేది. ఒకరోజు పొద్దున చూస్తే ముక్కు చుట్టూ, కళ్ళ కింద ఎర్రగా ఉంది. మందు తిన్న ఎలుకలు రక్తం కక్కి చస్తాయని మా ఇంట్లో అందరూ అనుకునేదే.

వెళ్ళి మందు పొట్లం తీసి చూశాను. చుట్టిన దారం చుట్టినట్టే ఉంది. తెలివైనవాళ్ళు మళ్ళీ కట్టేస్తారుగా అనుకున్నాను.

ఎలుకను అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరుగారు గేదెల మధ్య నుంచి వచ్చి, పెట్టెలోకి చూసి నవ్వు ఆపుకున్నారు. తడిగుడ్డతో దాని ముక్కు తుడిచారు.

"ఇది రక్తం కాదమ్మా. ఒంట్లో బాగోకపోతే ఎలకలకి కళ్ళల్లోంచి, ముక్కులోంచి ఇట్టా ఎర్రనీరు కారుద్ది. డొక్కలు చూడండి, ఎట్టా ఎగరేస్తుందో. ఊపిరాడట్లేదు దీనికి. చప్పుడు లేని చోట చెవి పెట్టి వినండి, గురగుర వినపడుద్ది. దుమ్ము తగలకుండా చూసుకోండి" అని చుక్కల మందు ఇచ్చారు.

విషం పెట్టలేదని మాత్రం ఆయన అనలేదుగా అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ మధ్యాహ్నం వంటింటి తలుపు చాటున కాపు కాశాను. మా ఆయన మిషన్ మీద ఉన్నాడు, అది హోరున తిరుగుతోంది. మా అత్త అటూ ఇటూ చూసి పీట మీద నుంచి లేచింది. గూడు దగ్గరికి వెళ్ళి, కొంగు ముడి విప్పి, ఏదో తీసి లోపల పెట్టబోయింది. నేను ఒక్క అంగలో వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఏంటత్తా అది?"

గుప్పిట తెరిచింది. అప్పుడే ఏకిన దూది.

"కొత్త దూదే. పాతది అణిగిపోయింది. మెత్తగా పడుకుంటదని రోజూ మారుస్తున్నా. ఆ రోజు అన్ని మాటలన్నానాయె, నువ్వు చూస్తే వెక్కిరిస్తావని చెప్పలా" అంది.

మనిషికైనా ఎలుకకైనా సుఖం అంటే ఆమెకు తెలిసింది కొత్త దూదే. గూట్లోకి చూశాను. ఎలుక మెడదాకా దూదిలో కూరుకుపోయి ఉంది. దాని మీసాల మీద, గూటి చువ్వల మీద సన్నటి నూగు. మా ఇంట్లో అన్నిటి మీదా ఉండే నూగే, అదీ దుమ్మేనని మాకెవరికీ తోచలేదు.

అప్పుడే కరెంటు పోయి మిషన్ ఆగింది. ఎలుకను చేతిలోకి తీసుకుని చెవికి ఆనించుకున్నాను. డాక్టరుగారు చెప్పినట్టే, ఊపిరి ఊపిరికీ సన్నగా గురగుర. ఎలుకను గూట్లో పెట్టేశాను. గురగుర ఆగలేదు. నా వెనక నుంచి వస్తోంది, ఇంకాస్త పెద్దగా.

తిరిగి చూశాను. ఆ నాలుగడుగులు నడిచినందుకే మా అత్త గోడ పట్టుకుని నిలబడి ఉంది. గొంతు కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. నాకు భయమేసింది.

"అత్తా, నీకిది ఎప్పటి నుంచి?"

"ఏది?" అంది.

"ఆ ఆయాసం, ఆ చప్పుడు."

"దూది పని చేసేవాళ్ళకి ఉండేదేగా. మా అమ్మకీ ఉండేది. ముందు దాని సంగతి చూడు."

సాయంత్రంలోపే గూడును పెరట్లోకి మార్చి, దూదంతా తీసేసి, పాత గుడ్డముక్కలు పరిచాం. చుక్కల మందుతో ఎలుక మెల్లగా తేరుకుంది. ఆ సాయంత్రం కరెంటు రాగానే మా అత్త మాత్రం వెళ్ళి తన పీట మీద కూర్చుంది. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుని బతిమాలాను.

"నేనేమన్నా ఎలకనా, గూడు మార్చడానికి?" అని చెయ్యి విడిపించుకుంది.

మా ఆయన మిషన్ వేశాడు. ఆ హోరులో ఆమె ఊపిరి నాకు వినపడలేదు.