మెల్లగ ఆనించు చాలు

కనకరాజు ఇరవై రెండేళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఒక్క యాక్సిడెంటు లేదు. ఆ మాట తనంతట తాను చెప్పుకునేవాడు కాదు గానీ, ఎవరైనా చెబుతుంటే వద్దనేవాడూ కాదు. డిపోలో శాలువా కప్పినప్పటి ఫోటో ఇంట్లో దేవుడి పటాల వరుసలోనే, ఆంజనేయస్వామికి కాస్త పక్కగా ఉండేది. తుర్కయంజాల్ దగ్గర పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, లారీ క్లీనరుగా మొదలుపెట్టి, పైకొచ్చిన మనిషి. మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకోనిదే స్టీరింగు ముట్టుకునేవాడు కాదు. స్టాపు దాటాక ఏ ముసలమ్మ చెయ్యెత్తినా బస్సు ఆపేవాడు. బ్రేకు వేస్తే, నిలబడ్డ మనిషి చేతిలో పాలచెంబు తొణకకూడదని అతని పట్టుదల.

దిల్‌సుఖ్‌నగర్‌కి ఆనుకున్న గడ్డిఅన్నారంలో, రెండు వాటాల ఇంట్లో ఒక వాటా అతను కిరాయికి తీసుకున్నాడు. ఇంకో వాటాలో ఇంటాయన పట్టాభి ఉండేవాడు. గుడివాడ నుంచి వచ్చి కోచింగ్ సెంటరులో లెక్కలు చెప్పుకునే మనిషి. వాళ్ళ నాన్నగారు వాడిన పాత ఫియట్ కారు గేటు లోపల ఉండేది. మీగడ రంగు. కూతురు మృదుల కంటే అది ఇరవయ్యేళ్ళు పెద్దది. దాన్ని ఆయన నడిపేది తక్కువ, తుడిచేది ఎక్కువ. ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, మృదులనీ కనకరాజు కూతురు అఖిలనీ చెరో పీట మీద నిలబెట్టి పాఠం మొదలుపెట్టేవాడు.

"ఇది కార్బురేటరు. మనకి ముక్కెలాగో దీనికి ఇదలాగ."

"మరి దీనికి జలుబు చేస్తదా అంకుల్?" అని అఖిల అడిగితే, "చెయ్యకేం! పొద్దున్నే తుమ్ముతుంది చూడు," అని తాళం తిప్పేవాడు. కారు నిజంగానే తుమ్మేది. పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. మృదులైతే ఆవు నుదురు నిమిరినట్టు దాన్ని నిమిరేది. పెడల్స్‌కి కాళ్ళు అందిన రోజున నడపడం నేర్పిస్తానని పట్టాభి ఇద్దరికీ మాటిచ్చాడు.

కాళ్ళు అందిన ఏడాదే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఇద్దరూ ఎనిమిదో తరగతి. బస్సులు డిపోలో నిలబడిపోయాయి. కనకరాజు పొద్దున సమ్మె టెంటులో కూర్చుని, మధ్యాహ్నం ఇంటికొచ్చి, చేతులు ఊరుకోక గేటుకి రంగు వేశాడు. వారం తిరగకుండా మళ్ళీ వేశాడు. జీతం ఆగిపోయింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పట్టాభి భార్య సూర్యప్రభ మాత్రం రోజూ ఒక గిన్నె పట్టుకుని వచ్చేది. "కాస్త ఎక్కువైందండీ స్వరూపగారూ, పారబోయడానికి మనసొప్పలేదు," అని కనకరాజు భార్య చేతిలో పెట్టి వెళ్ళేది. ఆ నెల అంతా ఆ ఇంట్లో ప్రతి పూటా కాస్త ఎక్కువయ్యేది.

కోచింగ్ కూడా మూతబడింది. ఒకరోజు పట్టాభి గోడ దగ్గరికి వచ్చాడు.

"రాజుగారూ, పిల్లలకి కాళ్ళు అందుతున్నాయి. రోడ్లు కూడా ఖాళీ. మీరు నేర్పండి. నేను నేర్పితే ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్న తప్పులన్నీ నేర్పేస్తాను."

"గట్లంటరేంది సార్!"

"ఒక్క సంగతి. మా కారు బ్రేకు గట్టిగా, రెండుసార్లు తొక్కాలి. మొదటి తొక్కుకి నిద్ర లేస్తుంది, రెండో తొక్కుకి మాట వింటుంది."

కనకరాజు నవ్వాడు. "బ్రేకు బ్రేకే గద సార్. ఇరవై రెండేండ్ల సంది నాది గదే పని."

మొదటి రెండు రోజులూ పండ్ల మార్కెట్ వెనక రోడ్డులో కనకరాజు పిల్లల్ని ఫస్ట్ గేర్ దాటనివ్వలేదు. ఆపాల్సి వస్తే తనే హ్యాండ్‌బ్రేకు లాగేవాడు. మూడో రోజు బంద్. కుక్కలు రోడ్డు మధ్యలో పడుకున్నాయి. మృదుల సెకండ్ గేర్ వేసింది. వెనక సీట్లో అఖిల చప్పట్లు కొట్టింది. రోడ్డు చివర సమ్మె టెంటు, దాని పక్కనే సైదమ్మ సీతాఫలాల బండి కనిపించాయి. బంద్ అయినా పండు ఆగదు కదా, అందుకని ఆమె బండి పెట్టుకుంది.

"ఇగ ఆపు బిడ్డా," అన్నాడు కనకరాజు. "మెల్లగ ఆనించు చాలు. నిలబడ్డోళ్ళు పడొద్దు."

కారులో నిలబడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాట నోటికి అలవాటైపోయింది. గాలి బ్రేకుల బస్సుకి అది సరైన మాట. దానికి కాలు ఆనిస్తే చాలు. పట్టాభి చెప్పిన సంగతి ఆ క్షణాన అతనికి గుర్తే లేదు.

మృదుల చెప్పినట్టే కాలు ఆనించింది.

"అంకుల్, ఆగట్లేదు!"

"ఆనించు, ఆనించు," అన్నాడు మళ్ళీ. అప్పుడు గుర్తొచ్చింది. హ్యాండ్‌బ్రేకు లాగేసరికి కారు బండిని తాకింది. సీతాఫలాలు రోడ్డంతా దొర్లాయి. బండి చక్రం సైదమ్మ పాదం మీదుగా పోయింది.

టెంటులోంచి జనం పరిగెత్తుకొచ్చారు. "ఎవల్రా నడిపింది? గా ఆంధ్రోళ్ళ పిల్లనా?" అని ఎవరో అరిచారు. డిపోలో తన తోటి డ్రైవరొకతను కనకరాజు భుజం పట్టుకుని, "నువ్వు పక్కనుండంగ ఎట్లయింది రాజన్నా?" అన్నాడు.

ఆ ప్రశ్న చెంప మీద కొట్టినట్టయింది. అందరూ తనవైపే చూస్తున్నారు.

"చిన్న పిల్ల గద. పరేషానైంది. బ్రేకు సరిగ తొక్కలే. నేను హ్యాండ్‌బ్రేకు గుంజిన గాబట్టి గీమాత్రం ఆగింది," అన్నాడు.

"రాజన్న ఉండబట్టి సరిపోయింది," అన్నారు జనం. అరిచినవాడు కూడా మెత్తబడ్డాడు. స్టీరింగు పట్టుకునే ఉన్న మృదుల తల తిప్పి అతనివైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఆ పిల్ల అతని మాట నమ్మింది. బ్రేకు మీద ఇంకా ఆనించే ఉన్న తన కాలివైపు చూసుకుంది.

ఆ సాయంత్రం అఖిల వంటింటి గడపలో నిలబడి అడిగింది. "నాయినా, నువ్వే గద మెల్లగ ఆనించుమన్నవ్?"

"పెద్దోళ్ళ మాటల్ల నీకేం పని? పోయి చదువుకో!"

అఖిల వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి తండ్రి పక్కన కూర్చుని అన్నం తినలేదు. తల్లి అడిగితే కడుపు నొప్పంది.

సైదమ్మ పాదంలో ఎముక చిట్లింది. దవాఖానలో కట్టు కట్టించి, ఖర్చంతా పట్టాభే పెట్టుకున్నాడు. కారుకి టార్పాలిన్ కప్పేశాడు. మృదులని ఒక్క మాట అనలేదు. సూర్యప్రభ మాత్రం, "ఆడపిల్ల చేతికి కారేమిటండీ, పైగా ఈ రోజుల్లో!" అని ఏడ్చింది. మృదుల రోజూ సాయంత్రం క్యారియరు పట్టుకుని మార్కెట్ వెనక బస్తీలో సైదమ్మ గదికి వెళ్ళొచ్చేది. గేటు దాటేటప్పుడు కారుకి దూరంగా, గోడ అంచున నడిచేది.

చెప్పేద్దామని కనకరాజు ఒకసారి పట్టాభి గుమ్మం దాకా వెళ్ళాడు. పట్టాభి లేచి ఎదురొచ్చి, అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆ రోజు మీరు అడ్డం నిలబడకపోతే మా పిల్ల ఏమయ్యేదో రాజుగారూ. రోజులు బాగాలేవు, మేం బయటివాళ్ళం. మీ మేలు మర్చిపోలేను."

"బయటోళ్ళేంది సార్, గట్లనకుండ్రి," అన్నాడు కనకరాజు. వచ్చిన సంగతి చెప్పకుండానే వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చేసరికి సూర్యప్రభమ్మ పంపిన గుత్తొంకాయ కూర ఎదురుగా ఉంది. గిన్నె మీద మూత పెట్టి లేచాడు. మంగళవారం గుడికి వెళ్ళాడు గానీ ప్రదక్షిణలు చేసి, స్వామి ఎదుట నిలబడకుండానే వచ్చేశాడు.

దసరా వచ్చింది. ఊరంతా బండ్లు కడిగి బొట్లు పెడుతుంటే పట్టాభి కారు మీద టార్పాలిన్ తియ్యలేదు. సాయంత్రం పిల్లలు జమ్మి ఆకు తెచ్చి, బంగారమని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతున్నారు. అది మృదుల వాళ్ళవైపు అలవాటు కాదు. అఖిలే ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. తండ్రి ముఖం చూడకుండానే, "పెట్టు, మొక్కు," అంది.

మృదుల అతని అరచేతిలో జమ్మి పెట్టి, వంగి కాళ్ళు ముట్టుకుంది. లేవలేదు.

"సారీ అంకుల్. ఇన్నేళ్ళలో మీకు ఒక్క యాక్సిడెంటు కూడా లేదంట కదా. నా వల్ల అయింది. నేను సరిగ్గా తొక్కలేదు."

తల మీద చెయ్యి పెట్టి దీవించాలి. చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఏ చేత్తో దీవించాలి? అఖిల ఇప్పుడు సూటిగా అతన్నే చూస్తోంది.

"లే బిడ్డా," అన్నాడు. "నువ్వు సరిగనే చేసినవ్. నేను జెప్పిందే చేసినవ్. గట్టిగ రెండుసార్లు తొక్కాలని మీ నాయిన నాకు జెప్పిండు. నేను మర్చిన. తప్పు నాది."

మృదుల లేచి నిలబడింది. తిరిగి తమ వాటాలోకి వెళ్ళిపోయింది. కనకరాజు చెప్పుల్లేకుండానే ఆమె వెనక వెళ్ళి, పట్టాభి దంపతుల ముందు అదే మాట చెప్పాడు. పట్టాభి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. సూర్యప్రభ గుమ్మంలోకి వచ్చింది.

"నా బిడ్డ నిద్రలో గోడని తంతోందండీ, బ్రేకు తొక్కుతున్నట్టు. పక్క గోడే కదా మీది? మీకు వినపడలేదూ?"

తలుపు వేసుకుంది. అంత మెత్తని మనిషి అంత గట్టిగా తలుపు వెయ్యడం అతనెప్పుడూ చూడలేదు. వెయ్యాల్సిందే అనుకున్నాడు.

అక్కడి నుంచి సైదమ్మ గదికి వెళ్ళాడు. ఆమె కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది. అంతా విని, గింజ ఒకటి పక్కకు పారేసింది.

"ఇరవై రెండేండ్లు బస్సు నడిపినవ్. గింత మాట ఈడిదాంక నడుపనీకి ఇన్ని దినాలు పట్టిందా తమ్మీ?"

"తప్పయింది అక్కా."

"నాకెందుకు జెప్తున్నవ్? నా కాలుకు ఎవలు తొక్కితేంది, ఎవలు తొక్కకుంటేంది! గా పోరి రోజొచ్చి నాకు కూడు వెట్టి, నా కాలు దిక్కు జూసి ఏడ్చిపోతది. నువ్వు గక్కడ, టెంటుకాడ, మంది ముంగట అన్నవ్ గద. గక్కడ్నే జెప్పు."

మర్నాడు టెంటులో ప్రసంగాలు సాగుతున్నాయి. నాలుగు గల్లీలకు వినపడేలా మైకు కట్టారు. కనకరాజు ముందుకు వెళ్ళి మైకు అడిగాడు. పాటందుకుంటాడనుకుని అందరూ జరిగి దారిచ్చారు.

"నేను కనకరాజును. గా దినం సైదమ్మక్కకు దెబ్బ తాకింది నాతోని. గా బిడ్డతోని కాదు. నేను తప్పు జెప్పిన, గామె నేను జెప్పినట్టే చేసింది. మీరడిగితే నా పేరు బద్నాం అయితదని చిన్నపిల్ల మీద వెట్టిన. గంతే."

ఎవరో నవ్వారు. "ఉద్యమం ముచ్చట జెప్పన్నా!" అన్నాడొకడు. ఆ రోజు భుజం పట్టుకున్న డ్రైవరు మైకు అందుకుంటూ కనకరాజు ముఖం వైపు చూడలేదు. ఆ తరువాత కూడా చాలా రోజులు చూడలేదు.

టెంటు బయట అఖిల, మృదుల నిలబడి ఉన్నారు. మైకులో విని వచ్చారో, ముందే వచ్చారో తెలియదు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు అంకుల్?" అని అడిగింది మృదుల.

"భయమైంది బిడ్డా."

"నాకూ భయమేసింది," అంది ఆ పిల్ల. "మీరు పెద్దవాళ్ళు కదా."

కనకరాజు తలొంచుకుని, ఆ ఇద్దరూ ముందు నడుస్తుంటే, నాలుగడుగులు వెనకగా ఇంటిదారి పట్టాడు.