మా అత్త నేర్చుకున్న పాఠం

పిల్లలిద్దరూ హైస్కూలుకొచ్చాక, నలభై ఏళ్ల వయసులో నాకు మళ్లీ చదువు మీదికి మనసు పోయింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. కుప్పంలో కౌన్సెలింగ్ కోర్సు ఇంటర్వ్యూ కోసం పుంగనూరులో మా ఇంట్లోనే ప్రాక్టీసు మొదలుపెట్టాను. సలహా ఇవ్వకూడదు, ఎదుటివాళ్లు చెప్పిందే మెల్లగా తిరిగి చెప్పాలని పుస్తకంలో ఉంది. నాకు దొరికింది మా అత్త.

"మోకాళ్లు పీకతాండాయమ్మా" అంది.

"మోకాళ్లు నిన్ను శానా బాధపెడతాండాయి అత్తా" అన్నాను.

"నేను చెప్పిందీ అదే కదా! ఎక్కిరిస్తాండావా? పోయి నూనె కాంచుకోని రా!"

ఇది వీధంతా చెప్పి నవ్వించింది. ఇంటర్వ్యూ రోజు మాత్రం వద్దన్నా వినకుండా నాకు తోడుగా బస్సెక్కింది.

కుప్పం బస్టాండులో నా వయసులో సగం కూడా లేని పిల్లలు ఫైళ్లు పట్టుకుని పోతున్నారు. వాళ్లను చూడగానే అంతమంది ముందూ బెంచీ మీద కూలబడి ఏడ్చేశాను.

"నా వల్ల కాదత్తా, ఇంటికి పోదాం."

నోరు తెరిస్తే సలహా తప్ప ఇంకోటి రాని మా అత్త, ఏదో అనబోయి గట్టిగా నోరు మూసుకుంది. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"నీకు శానా బయంగా ఉండాది. ఇంటికి పోదామంటాండావు" అంది మెల్లగా.

"ఊ" అని ఇంకాస్త ఏడ్చాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. కాసేపటికి నేనే కళ్లు తుడుచుకుని లేచాను.

సీటొచ్చింది. తర్వాత ఎందరి కష్టాలో విన్నాను. సలహా చెప్పాలని నాలుక దురద పెట్టినప్పుడల్లా, బస్టాండులో నా కోసం బలవంతాన మూసుకున్న ఆ నోరే గుర్తొస్తుంది.