మూట ఆనించిన బోర్డు

మేం సాలెవాళ్ళం అమావాస్యనాడు మగ్గం ముట్టం. యుద్ధం రోజుల్లో ఒక అమావాస్యకు పెళ్ళాం పిల్లలకు బందరు సముద్రం చూపిద్దామని బెజవాడ స్టేషనుకు వచ్చాను. అక్కడి నల్లబోర్డుకు మూట ఆనించి కూర్చున్నాం. మధ్యాహ్నమైనా బండి రాలేదు.

ఎవరో ఒకావిడ వచ్చి, "మూట తియ్యవయ్యా! బందరు బండి రద్దని ఆ బోర్డు మీదే రాసుంది. పొద్దుట్నించీ అందరికీ అడ్డంపెట్టి కూర్చున్నావు, చదువు రాదా?" అంది. నలుగురూ నవ్వారు.

"ఆడదానివి, నువ్వా నాకు చెప్పేది!" అని కసిరాను. మూట కదపలేదు. సాయంత్రం దాకా పెళ్ళాం పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టాను. పిల్లలు సముద్రం చూడనే లేదు.

ఆవిడంటే ఇప్పటికీ నాకు మంటే. యాభై దాటాక పలక పట్టినప్పుడు మాత్రం, ముందు "రద్దు" అని రాసిపెట్టమని పంతుల్ని అడిగాను.