డాల్ఫిన్ చేప కాదన్న టీచరమ్మ గారు

మా సైన్సు టీచరమ్మ గారు పోయిన బుధవారం ఉదయం అమలాపురంలో చనిపోయారు. ఆ కబురు నాకు స్కూలు స్టాఫ్ రూములో అందింది. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్న స్కూల్లోనే ఇప్పుడు నేను సైన్సు చెబుతున్నాను. కబురు విని, గంట కొట్టగానే తొమ్మిదో తరగతికి వెళ్లాను. ఏం పాఠం చెప్పానో గుర్తులేదు.

డెబ్భై నాలుగులో నేనూ అదే తరగతిలో ఉన్నాను. ఏ జంతువు గురించి మొదలుపెట్టినా ఆవిడ, "ముందు మీ వీపు తడుముకోండి" అనేవారు. నలభై మందిమీ వెన్నుపూసలు లెక్కపెట్టుకుంటూ నవ్వుకునేవాళ్లం. ఒకరోజు పుస్తకంలో సీల్ అనే సముద్రజంతువు బొమ్మ చూపించి, ఇదేమిటని అడిగారు.

"కాళ్లు లేవు కదండీ, చేపేనండి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "పైతోలు చూసి పేరు పెట్టకమ్మా. గాలి ఎలా పీలుస్తుంది? పిల్లకేం పెడుతుంది? అది అడగాలి. రొయ్యకి వెన్నెముక లేదు, పీతకి లేదు. చేపకుంది, తాబేలుకుంది, సీల్‌కీ ఉంది. కానీ సీల్ పిల్లకి పాలిస్తుంది. అందుకే అది చేపల్లో చేరదు, మనతో చేరుతుంది."

ఆ ఏడే అంతర్వేది దగ్గర ఒడ్డుకి డాల్ఫిన్ కొట్టుకొచ్చిందని తెలిసి, మమ్మల్ని బస్సులో తీసుకెళ్లారు. అది ఇంకా బతికే ఉంది. చేపల వేటవాళ్లు మూడుసార్లు నీళ్లలోకి తోశారు, మూడుసార్లూ ఒడ్డుకే వచ్చింది. "పెద్ద చేపండీ, ఇంక బతకదండి" అన్నాడు ఒకతను. అది చేప కాదని చెప్పబోయి ఆవిడ ఆగిపోయారు. డాల్ఫిన్ పొట్ట కింద ఇసుక మీదికి తెల్లగా పాలు కారుతున్నాయి. పిల్ల ఎక్కడా లేదు. అది చనిపోయేదాకా ఆవిడ దాని పక్కనే కూర్చున్నారు. ఆరోజు పాఠం చెప్పలేదు.

దాన్ని ఇసుకలో పాతిపెట్టించి, ఏడాది తర్వాత తవ్వించి, ఎముకలన్నీ మా చేత కడిగించారు. తెడ్డులాంటి దాని రెక్కలో అయిదు వేళ్ల ఎముకలున్నాయి. వాటి పక్కన తన అరచెయ్యి పెట్టి, "చూశారా" అన్నారు, అంతే. స్కూల్లో ఒక చిన్న గది అడిగి తీసుకుని, ఆ ఎముకలు వరసగా తీగకి గుచ్చి పెట్టారు. రిటైరయ్యేటప్పుడు ఆ గది తాళంచెవి, అప్పటికే అక్కడ టీచరుగా చేరిన నా చేతికిచ్చారు.

తర్వాత కొత్త హెడ్మాస్టరు గారు వచ్చారు. "ఈ ఎముకలేంటండీ, బెంచీలకి చోటు లేదు. తీయించెయ్యండి" అన్నారు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. తాళంచెవి ఇచ్చేశాను. రిక్షాబండిలో వేసుకెళ్లి కాలవగట్టున పారబోశారు. ఒక్క ఎముకైనా ఇంటికి తెచ్చుకోవాలని నాకు తోచలేదు.

నెల తిరక్కుండానే ఆవిడ స్కూలుకి వచ్చారు. "ఒక్కసారి చూసి వెళ్తానమ్మా" అన్నారు.

"గదికి సున్నాలేస్తున్నారండీ, తాళం వేసుంది. ఎముకలు భద్రంగానే ఉన్నాయండి" అన్నాను.

నా మొహంలోకి కాసేపు చూశారు. "ఆయ్, మంచిదమ్మా" అని లేచారు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నాలుగేళ్లు గడిచిపోయాయి. చెబుదామని రెండుసార్లు అమలాపురం వెళ్లి, ఆవిడ పెట్టిన కాఫీ తాగి తిరిగొచ్చాను.

అంత్యక్రియలకి వెళ్తే, సమాధి దగ్గర మా స్కూలు పాత అటెండరు కనిపించాడు. "ఆవిడ స్కూలుకొచ్చినవేళ గేటు దగ్గరే నేను చెప్పేసేనండి, ఎముకలు కాలవగట్టున పారబోసేరని. అయినా మీ దగ్గరకి వచ్చేరు" అన్నాడు.

అంటే అన్నీ తెలిసే అడిగారు. నా నోటితో నేను చెబుతానేమోనని వచ్చారు. ఇప్పుడు ఎవరికి చెప్పను?

ఆరోజు ఆవిడ వెళ్లాక స్టాఫ్ రూము కిటికీలోంచి చూశాను. కాలవగట్టు మీద ఆగి, నడుం వంచి, గొడుగు మొనతో గడ్డి అటూ ఇటూ కదుపుతున్నారు. ఏదో పడిపోయిందేమో, వెళ్లి వెతికిపెడదామనుకున్నాను. గంట కొట్టారు. క్లాసుకి వెళ్లిపోయాను.