అయస్కాంతం అంటుకోని చోటు

శుక్రవారం. మామీర్, పాత కార్ల యార్డు. హాజరైనవారు: మా కఫీల్, యార్డు యజమాని, నా బావమరిది, నేను. గాలి, దుమ్ము. చూడవలసినవి రెండు అమెరికన్ కార్లు.

నా పాత డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. మొన్న జుఫైర్‌లో మా అమ్మాయి ఫ్లాటు కింద ఒక ఎనిమిది సిలిండర్ల కారు గుర్రుమంటూ వచ్చి ఆగితే, బాల్కనీలోంచి దాని వెనక చక్రం మీది వంపు చూడగానే అది నా చేతుల్లో బాగుపడిన బండేనని పోల్చుకున్నాను. దాన్ని కొనవచ్చిన కుర్రవాడు, రేకు మీది పూత మందం చెప్పే, అరచేతిలో ఇమిడే యంత్రమొకటి రేకుకు ఆనిస్తూ అంకెలు చదువుకుంటున్నాడు. నేను లోపలికి వచ్చి ఈ పేజీ వెతుక్కున్నాను.

మా కాలంలో ఆ యంత్రం లేదు. పగిలిన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతానికి, రంగు గీరుకోకుండా, పాత బనియను గుడ్డ చుట్టి కారు ఒళ్ళంతా తడిమేవాళ్ళం. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీతో పూడ్చినచోట జారిపోతుంది. ఈ అరబ్బు దేశంలో నాకు వీసా ఇచ్చిన, మా గ్యారేజీ యజమాని అయిన కఫీల్ ఏ పాత బండి కొన్నా నా మాట మీదనే కొనేవాడు. ఆ రోజు యార్డులో ఒకటి ఎర్రగా మెరుస్తూ ఉంది. రెండోది రంగు లేక, తుప్పు పట్టి, సొట్టలతో ఉంది. కఫీల్ కళ్ళు ఎర్రదాని మీదనే ఉన్నాయి.

ఆ ఎర్రబండిని తీర్చిదిద్దింది నా బావమరిది. నా భార్యకు తమ్ముడు. నా దగ్గరే సొట్టలు తీసే డెంటింగు పని నేర్చి ఆ యార్డులో చేరాడు. నేను అయస్కాంతం తీయగానే నవ్వుతూ వెనకే తిరిగాడు.

“పెళ్లిచూపులకొచ్చినోడు గూడ పిల్లను ఇంతగనం చూడడు బావా!”

తలుపు కింద అయస్కాంతం జారింది. రెండో పక్కా జారింది. వాడి నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“నీకు దండం పెడ్త బావా, అది జేబుల ఏస్కో. ఈ బండి అమ్ముడుపోతెనే మా ఓనరు నా వీసా మల్ల కొట్టిస్తనన్నడు. ఈ వారంతోని ఖతమైతది. మా అక్క మొఖం చూసన్నా...”

ఇంకొకడు చేసిన పనిని నలుగురి ముందు పగలగొట్టకూడదన్నది మా డెంటర్ల మర్యాద. ఇది వద్దన్నట్టు తల ఊపితే చాలు, కఫీల్‌కు అర్థమయ్యేది, వాడి పరువూ దక్కేది, యార్డువాడు ఆ బండిని మరొకరికి అంటగట్టుకునేవాడు. ఆ మరొకరు అడుగు ఊడి ఏ హిద్ రోడ్డు మీదో చస్తారన్న భయం నాకు నిజంగానే ఉంది. కానీ నా శిష్యుడు నన్నే మోసగించగలిగేంత నున్నగా పూడ్చాడన్న మంట అంతకంటే ఎక్కువ ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి. సంచిలోంచి సుత్తి తీసి తలుపు కింద ఒక్కటి వేశాను. పుట్టీ పెచ్చులుగా రాలి, అరచేయంత కన్నంలోంచి తుప్పు నేలమీద కుప్పగా పడింది.

యార్డు యజమాని నన్నేమీ అనలేదు. వాణ్ణి కొట్టాడు. రెండో దెబ్బకు పెదవి చిట్లింది, పడినవాణ్ణి బూటుకాలితో డొక్కలో తన్నాడు. “ఖలాస్! తేరా వీసా ఖలాస్!” అని అరుస్తూ మళ్ళీ తన్నాడు. పూడ్చమని హుకుం ఇచ్చింది అతనేనని అక్కడ అందరికీ తెలుసు. ఎవరం అడ్డుపడలేదు. అన్నం పెట్టే చేతిని తిరిగి కొట్టలేక, బావమరిది చక్రాలు విప్పే రాడ్డు అందుకుని నా మీదికి వచ్చాడు.

“సొంతోనివి కాదు బావా నువ్వు, శత్రువ్వి!”

నా ఎడమ మణికట్టు విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కుడిచేతిలో సుత్తి ఇంకా ఉంది. దాంతో వాడి నోటిమీద కొట్టాను. మళ్ళీ ఎత్తిన చేతిని కఫీల్ వెనకనుంచి పట్టుకోకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ మనసొప్పదు.

ఆ సాయంత్రం ఆసుపత్రినుంచి వచ్చి, కట్టుతో డైరీ అదిమిపెట్టి, వాడి దెబ్బ, నా ఎముక, కొన్న బండి తుప్పుదేనన్న సంగతి వరసగా రాశాను. వాడి గురించి మాత్రం, జారిపడి రెండు పళ్ళు పోగొట్టుకున్నాడని రాశాను.

ఇవాళ ఆ యంత్రం అంకె చూపిస్తుంది, కుర్రవాడు వద్దనో సరేననో అని వెళ్ళిపోతాడు, ఎవడి పనితనమూ ఎవడి ముందూ పగలదు. మంచిదే. అయితే గుడ్డలోంచి చేతికి తెలిసే ఆ చిన్న లాగుడు, అది తెలిసిన చేతులు, మాతోనే పోతున్నాయి. బావమరిది ఊళ్ళో కట్టుడు పళ్ళతో నవ్వుతాడు. నా ముందు మాత్రం నోటికి చేయి అడ్డం పెట్టుకుంటాడు.

ఆ గొడవ మర్నాడు పొద్దున తుప్పు కారు ట్రక్కు మీద మా గ్యారేజీకి వచ్చింది. దాని ముందు సీట్లో లుంగీలో కట్టిన మూట ఉంది. విప్పితే బావమరిది సుత్తులు, నేను నేర్పిన వరసలోనే పేర్చి ఉన్నాయి. డెంటరు తన సుత్తి ఇంకొకరిని ముట్టనివ్వడు.

“నీ బామ్మర్దిని ఎయిర్‌పోర్టుకు తోల్కపోయిన్రు,” అన్నాడు ట్రక్కు డ్రైవరు. “ఇగ ఇవి నాకెందుకని, బావకే ఇయ్యమన్నడు. నీ చెయ్యి నయమైనంకనే ఈ బండి పని మొదలుపెట్టమన్నడు.”

నేను డైరీ తెరిచి, ముందురోజు పేజీలో జారిపడ్డాడన్న మాట కొట్టేసి, పైన ఇరుకు సందులో రాశాను: సుత్తితో నేనే కొట్టాను.