బి.ఏ. సీటుకు బత్తాయిలు

నేను నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేస్తున్న రోజులవి. ఇంటర్‌లో తొమ్మిది వందల డెబ్బై మార్కులొచ్చిన మా అమ్మాయి, ఇంజనీరింగ్ వద్దని ప్రభుత్వ యూనివర్సిటీలో బి.ఏ. చరిత్ర సీటు తీసుకుంది. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి రోజూ ఎవరో ఒకరు కారణం అడగడానికి కూర్చుని ఉండేవారు. జవాబు చెప్పి చెప్పి నా ఓపిక అయిపోయింది.

ఆదివారం పొందూరు నుంచి, ఖద్దరు నూలు వడికే మా అక్క బ్రెడ్డు, బత్తాయిలతో దిగింది. జ్వరం చూసినట్టు అమ్మాయి నుదుటి మీద చెయ్యేసి, "ఏటయిపోనాదే తల్లీ? ఇంత సదివీ బీయే ఏటి?" అని గొల్లుమంది. ఇరుగుపొరుగు గుమ్మంలోంచి చూస్తుంటే సిగ్గుతో తలొంచుకున్నాను.

అమ్మాయి మాత్రం బత్తాయి వలిచిస్తూ, "చేప దవడతో పత్తి ఏకడం నీకెవలు నేర్పినారత్తా?" అని అడిగింది. ఏడుపు ఆపి అక్క, చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి శుభ్రం చేసే తమ ఊరి పద్ధతి గురించి గంటసేపు చెప్పింది. అమ్మాయి అంతా రాసుకుంది.

మర్నాటి నుంచి పరామర్శకొచ్చిన వాళ్లను అమ్మాయి ముందు కూర్చోబెట్టి, నేను వెళ్లి పడుకునేవాణ్ణి.